పిన్నీసు పై పొరకే

బకీ రేవు,
1966 మార్చి 12

లాక్లన్ బావకి,

ఇక్కడ నేనూ, నా పడవా, ఈ ఏడు మమ్మల్ని ఏడిపిస్తున్న హెర్రింగు చేపలూ అందరం కులాసా. నువ్వూ, నీ గొర్రెలూ, మీ దీవి మీద ఆగకుండా కురిసే ఆ వానా అలాగే ఉన్నారనుకుంటాను.

చల్లకొచ్చి ముంత దాచడం నాకు చేతకాదు. నేను మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నాను. యాభై ఎనిమిదేళ్ళకి వీడికిదేం బుద్ధి అని నవ్వాలనిపిస్తే నవ్వెయ్, ఊరంతా ఇప్పటికే నవ్వింది. ఆమె పేరు రోనా. మా ఊరి బడిలో పంతులమ్మ, పుట్టిల్లు గ్రాంటౌన్. భర్త పోయి పదేళ్ళు. ఎఫీ పోయి ఆరేళ్ళు. ఈ ముక్క ముందు నీ చెల్లెలి సమాధి దగ్గర చెప్పి, తర్వాత నీకు రాస్తున్నాను. పెళ్ళి జూన్ పద్దెనిమిది, శనివారం, మా ఊరి చర్చిలోనే.

ఇక అసలు కష్టం విను. రోనా ఒక్కటే షరతు పెట్టింది. నేను నడుముకి చుట్టే ఆ గళ్ళ కిల్టు కట్టుకుని నిలబడాలట. వాళ్ళది కొండ వంశం, పుట్టిన బిడ్డకి కూడా గళ్ళ గుడ్డే చుడతారు. మా కౌవీల ఇంట్లో ఏ తరంలోనూ ఎవడూ కిల్టు కట్టిన పాపాన పోలేదు. సముద్రం మీద బతికేవాడికి మోకాళ్ళు బయటపెట్టే బట్ట ఎందుకు? ముప్పై ఏళ్ళ కిందట నీ చెల్లెలూ ఇదే అడిగింది. "గౌను కట్టుకుని చర్చికి రాను" అన్నాను, నీలం సూటులో వచ్చాను. నువ్వు నాతో మూడు రోజులు మాట్లాడలేదు, గుర్తుందా? ఇప్పుడు మాత్రం నోరు మూసుకుని సరేనన్నాను. వయసు మనిషిని వంచుతుంది బావా.

వాళ్ళ నాన్న కిల్టు ఒకటి పెట్టెలోంచి తీసి ఇచ్చింది. కలరా ఉండల వాసన తప్ప బాగానే ఉంది. మొన్న ఆదివారం అది కట్టుకుని వాళ్ళ తమ్ముడు రానల్డ్ ఇంటికి వెళ్ళాను. అన్ని కుచ్చిళ్ళు అంత కష్టపడి కుట్టారు కదా, నలుగురికీ కనపడాలి కదా అని కుచ్చిళ్ళు ముందుకి పెట్టుకున్నాను. రానల్డ్ తలుపు తీసి నన్ను పైనుంచి కిందిదాకా చూసి చాలా మర్యాదగా అడిగాడు: "బావగారూ, మీరు వస్తున్నారా, వెళ్తున్నారా?" వాడికి నవ్వుతో పొలమారితే నీళ్ళు నేనే ఇవ్వాల్సి వచ్చింది.

అందుకని నీ కాళ్ళ మీద పడుతున్నాను. సైన్యంలో సార్జెంటుగా ఉన్నన్నాళ్ళూ వందల మందికి కిల్టు కట్టించావు. ఇరవై ఏళ్ళుగా మీ పోర్ట్రీలో ఏటా జరిగే ఆటల పోటీల్లో వస్త్రధారణకి మార్కులు వేసేది నువ్వే. నాకు చెప్పు. మేజోడులో దోపే చిన్న కత్తి ఏ కాలికి? దుకాణంవాడు ఎడమ అన్నాడు. ముందు వేలాడే తోలు సంచి ఎంత కిందకి? ఆ పెద్ద పిన్నీసు ఎందుకు, ఎక్కడ?

ఇంకొకటి, ఇది అన్నిటికంటే ముఖ్యం. పెళ్ళినాడు నా పక్కన తోడుపెళ్ళికొడుకుగా నువ్వే నిలబడాలి. ఇంకెవరి పేరూ నా మనసులో లేదు.

నీ బావ,
గిబ్

స్టాఫిన్, స్కై దీవి,
మార్చి 21

గిల్బర్ట్‌కి,

పెళ్ళి కబురు సంతోషం. రోనా గారికి నా నమస్కారాలు.

కుచ్చిళ్ళు ముందుకి పెట్టుకున్నావన్న వాక్యం దగ్గర ఉత్తరం బోర్లా పెట్టి, బయటికి వెళ్ళి, గొర్రెల్ని ఒకసారి చూసి వచ్చి, మళ్ళీ చదివాను. వాటికి కాస్త బుద్ధి ఉన్నట్టనిపించింది. కుచ్చిళ్ళు వెనక్కి. ఎప్పటికీ వెనక్కే. ముందు ఉండేది చదునైన రెండు పొరలు, ఒకదాని మీద ఒకటి. పై పొర అంచు నీ కుడి పక్కకి రావాలి. ఎడమకి వస్తే అది ఆడవాళ్ళ లంగా, అప్పుడు రానల్డ్ ఏమన్నా పడాల్సిందే.

పొడవు సంగతి. నేల మీద మోకరిల్లు. అంచు నేలని అంటీ అంటనట్టు ఉంటే సరైన పొడవు. నేల మీద కుప్పపడితే నువ్వు పొట్టివాడివి, ఆ మాట నాకు ముందే తెలుసు.

కత్తి కుడి కాలికి. నువ్వు తినేది, తిట్టేటప్పుడు వేలు చూపించేది ఏ చేత్తో? దానికి అందే కాలికే కత్తి. ఎడమచేతివాటం వాడికి మాత్రమే ఎడమ. పిడి రెండు వేళ్ళ మేర కనపడితే చాలు, మొత్తం కనపడితే కసాయివాడిలా ఉంటావు. దుకాణంవాడికి బహుశా కాళ్ళు రెండూ ఒకటే అయివుంటాయి.

తోలు సంచి బెల్టు కింద నాలుగు వేళ్ళ ఎడంలో ఉండాలి. నాలుగంటే నాలుగే. వెయిస్ట్‌కోటు వేస్తే బెల్టు పెట్టుకోకు, రెండూ కలిపి పెట్టుకునేవాళ్ళు అన్నంలో రొట్టె నంజుకునే రకం. మేజోళ్ళు మోకాలి చిప్పకి మూడు వేళ్ళ కింద మడవాలి. వాటి కింద వేలాడే గుడ్డ ముక్కలు కాలి బయటివైపు రావాలి. తాళ్ళ బూట్ల తాళ్ళు చీలమండకి చుట్టి ముడెయ్యి. పిక్క దాకా పాకించి కట్టేవాళ్ళని చూస్తే నాకు జ్వరం వస్తుంది.

పిన్నీసు పై పొరకే, కింద కుడి మూల. అది బరువు కోసం. దానికి ఇంకో పని లేదు.

ఇక్కడ వాన పడుతోంది.

లాక్లన్

బకీ,
ఏప్రిల్ 3

సార్జెంటు బావగారి దివ్య సముఖానికి,

టైపు మిషను ఎప్పుడు కొన్నావయ్యా? ముప్పై ఏళ్ళుగా నీ గుండ్రటి చేతిరాత చూసిన కళ్ళకి ఇదేదో కరెంటు ఆఫీసు నుంచి వచ్చిన నోటీసులా ఉంది. పైగా కోడి గింజలు ఏరుకున్నట్టు ఒక్కో అక్షరం రెండేసిసార్లు పొడిచావు. సంతకం కూడా మిషనుతోనేనా? ఇంత పెద్దమనిషివి ఎప్పుడయ్యావు?

నీ ఉత్తరం గోడకి మేకు కొట్టి తగిలించాను. రోనా వచ్చి చదివి, "ఈయన్ని పెళ్ళాడి ఉంటే నేను ఎప్పుడో చచ్చేదాన్ని" అని మెచ్చుకుంది. కత్తి కుడికాలికి పెట్టాను. ఆ ఒక్కటీ నాకు నచ్చింది. సముద్రం మీద ఎవడైనా నోరుజారి పలకకూడని పేరు పలికితే ఇనుము ముట్టుకోవాలి కదా, ఇకనుంచి వంగితే చాలు.

కానీ రెండు చోట్ల నీతో పేచీ ఉంది.

మొదటిది గుడ్డ ముక్కలు. రోనా ఆకుపచ్చవి తెచ్చింది, టార్టన్‌లో, అంటే కిల్టు గళ్ళలో, ఆ రంగు ఉందని. పడవ మనిషి ఒంటి మీద ఆకుపచ్చ పెట్టుకుంటే వలలో నాచు తప్ప ఏమీ పడదు. కిల్టులో ఆకుపచ్చ గళ్ళు ఎలాగూ తప్పవు, కళ్ళు మూసుకున్నాను. దానికి తోకలు కూడానా? నువ్వు తీర్పు చెప్పు. నీ మాట ఆమె వింటుంది, నా మాట వినదు.

రెండోది పిన్నీసు. బావా, నువ్వు కొండల చాటున కిల్టు కట్టినవాడివి. మా రేవులో గాలి వచ్చిందంటే పెంకులు లేస్తాయి, కిల్టు ఒక లెక్కా? పై పొరకి మాత్రమే పెడితే అది తెరచాపలా లేస్తుంది, లోపల సంగతి ఊరంతటికీ ప్రకటన. అందుకని నీ ఆజ్ఞ మీరి రెండు పొరలూ కలిపి పిన్నీసు కుచ్చాను. వల రెండు పొరలుంటే కలిపి కట్టమా? గాలి ఓడిపోయింది. రేవు మొత్తం నడిచి వచ్చాను, ఒక్క అంగుళం లేవలేదు. రానల్డ్ ఇంటికి మహారాజులా వెళ్ళి, వాళ్ళ పొయ్యి దగ్గరున్న పొట్టి పీట మీద కూర్చున్నాను.

చిరిగిన చప్పుడు వీధిలోకి వినపడిందట.

రోనా వాళ్ళ నాన్న కిల్టు బావా! ఆయన దాన్ని నలభై ఏళ్ళు కట్టాడు, ఒక్క పోగు లేవలేదు. నేను మూడు వారాల్లో జానెడు చింపాను. రోనా మొహం చూడాలంటే భయం వేసింది. రాత్రికి రాత్రి కూర్చోలేదు గానీ మర్నాడు పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని, ఆ గుడ్డ అంచులోంచే పోగులు లాగి, వల అల్లే చేత్తో గడికి గడి కలిపి నేశాను. నాలుగు రోజులు పట్టింది. రోనా దాన్ని వెలుతురుకి పెట్టి, తిప్పి చూసి, ఎక్కడ చిరిగిందో కనిపెట్టలేక నన్నే అడిగింది. అప్పుడు ముద్దు పెట్టుకుంది, రానల్డ్ ముందే. చింపినందుకు సంతోషించాను.

అన్నిటికీ జవాబిచ్చావు, ఒక్కదానికి తప్ప. నా పక్కన నిలబడతావా?

గిబ్

స్టాఫిన్,
ఏప్రిల్ 14

గిల్బర్ట్,

రెండు పొరలూ కలిపి పిన్నీసు కుచ్చినవాణ్ణి మా సైన్యంలో అయితే మూడు రోజులు బంగాళాదుంపలు ఒలిపించేవాళ్ళం. మనిషి కూర్చుంటే కింది పొర ఒకవైపుకీ పై పొర ఇంకోవైపుకీ జరుగుతాయి. జరగనివ్వకపోతే చిరుగుతుంది. నీకు ముందే రాశాను, పై పొరకే అని. గాలికి లేస్తే లేవనీ. కిల్టు కట్టినవాడు గాలికి భయపడడు, గాలి వైపు తిరిగి నిలబడతాడు.

నేత మాత్రం బాగుందన్నావు. రోనా గారికే కనపడలేదంటే అది చిన్న పని కాదు. ఆ మాట ఒప్పుకుంటున్నాను.

గుడ్డ ముక్కలు ఎర్రవి పెట్టుకో. టార్టన్‌లో ఎరుపు కూడా ఉంది కాబట్టి రోనా గారికి కోపం రాదు. తీర్పు చెప్పేశాను, దీని మీద అప్పీలు లేదు.

జూన్ పద్దెనిమిదికి రావడం కుదిరేలా లేదు. గొర్రెల బొచ్చు కత్తిరించే రోజులు. మనుషులు దొరకరు. రానల్డ్‌ని పక్కన నిలబెట్టుకో, కుర్రాడు చూడటానికి బాగుంటాడని నువ్వే రాశావు.

లాక్లన్

బకీ,
ఏప్రిల్ 24

లాక్లన్,

రానల్డ్ బాగుంటాడని నేనెప్పుడూ రాయలేదు. వాడికి యాభై ఒకటి, తల మీద ఒక్క వెంట్రుక లేదు.

గొర్రెల మాట కూడా అబద్ధమే. మీ దీవిలో జులై వచ్చేదాకా వాటి బొచ్చు జోలికి ఎవరూ పోరు. ఇరవై నాలుగేళ్ళు మీ ఇంటి ఆడపిల్లతో కాపురం చేశాను, నాకు నీ గొర్రెల పంచాంగం కంఠతా వచ్చు.

రెండు ఉత్తరాల నుంచి నీతో పరాచికాలాడుతున్నాను. ఇవాళ ఆడలేను. మనసులో ఉన్నది రాసేస్తాను, తర్వాత నువ్వు తిట్టు.

ఎఫీ అడిగితే కట్టని కిల్టు ఇంకొక ఆమె అడిగితే కడుతున్నాను. నీ చెల్లెలికి చిన్నప్పటి నుంచీ ఉన్న కోరిక, ఆమె బతికుండగా తీర్చలేదు. అది నీకు కష్టంగా ఉంటుందని నాకు తెలియాల్సింది. నేను మొద్దుని, తెలియలేదు. కుచ్చిళ్ళనీ పిన్నీసనీ నవ్వుతూ రాసుకుంటూ పోయాను. నీ మొదటి ఉత్తరంలో పెళ్ళి గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది, దాని కింద చూసుకుంటే అన్నీ బట్టలే. అప్పుడే అర్థం చేసుకోవాల్సింది.

దాని వల్లే రానంటే చెప్పు. నేను నీలం సూటులోనే నిలబడతాను, రోనాతో మాట్లాడాను కూడా. ఆమె, "మీ బావగారు లేకుండా కిల్టు నాకొద్దు, ఆయన్ని రమ్మనండి, మీరు గోనెపట్టా కట్టుకున్నా పెళ్ళాడతాను" అంది. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. ఎఫీ పోయిన రోజు నుంచి నాకు మిగిలిన అన్నవి నువ్వే. నువ్వు లేకుండా నల్లకోటాయన ముందు నిలబడితే నా సగం ఒళ్ళు అక్కడ ఉండదు. పడవ మనుషులం ఆయన్ని పాస్టరు అనం, నీకు తెలుసుగా.

నిజం రాయి.

గిబ్

స్టాఫిన్,
మే 5

ఒరే గిబ్,

నువ్వు మొద్దువన్న మాట ఒక్కటే నీ ఉత్తరంలో నిజం.

ముందు ఎఫీ సంగతి. చనిపోవడానికి వారం ముందు నాకు ఉత్తరం రాసింది. నీ గురించి రెండు వాక్యాలున్నాయి. "గిబ్‌ని ఒంటరిగా తిననివ్వకు అన్నయ్యా. ఎవరూ చూడకపోతే అన్నిట్లో ఉప్పు కుమ్మరించుకుంటాడు." ఆరేళ్ళు ఈ మాట దాచుకుని, నీకు తోడు ఎక్కడ వెతకాలో తెలియక ఊరుకున్నాను. నీ మార్చి ఉత్తరం చదివి ఏడ్చాను. సంతోషంతోనే. అది ఒక్క వాక్యంతో ముగించానంటే, నీ పక్కన నిలబడే మాట దాకా వెళ్ళకూడదని. కారణం నీ పెళ్ళి కాదు, నా చేతులు.

చేతులు వణుకుతున్నాయి. రెండేళ్ళయింది. పోర్ట్రీలో డాక్టరు చూసి పేరు చెప్పాడు, పేరు పెద్దది, మందు చిన్నది. కలం పడితే గీతలు పాకుతాయి, అందుకే మిషను. ఒక్కో అక్షరం రెండుసార్లు పొడుస్తోందని వెక్కిరించావు. వేలు ఆగదు, అంతే.

పోయినేడు ఆగస్టులో ఆటల రోజు పొద్దున్న కిల్టు కట్టుకోబోయాను. తుంటి దగ్గర బకిల్ పెట్టడానికి అరగంట పట్టింది. పిన్నీసు పెట్టుకోబోతే వేలికి గుచ్చుకుంది. బూట్ల తాళ్ళు నేల మీద కూర్చుని కట్టబోయాను, ఈలోగా బకిల్ ఊడింది. ఎదురింటి బేహగ్ గుడ్లు ఇవ్వడానికి వచ్చింది. కిల్టు జారిపోయి, ఒక బూటుతో, తాళ్ళు చేత్తో పట్టుకుని నేల మీద ఉన్నాను. వెళ్ళిపొమ్మని అరిచాను. గుడ్లు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆటలవాళ్ళకి జలుబని కబురు పంపాను. ఆ రోజు నుంచి కిల్టు పెట్టెలో ఉంది. బేహగ్ ముఖం చూడలేక దారి మార్చి నడుస్తున్నాను.

నలభై ఏళ్ళు ఇంకొకడి పిన్నీసు వేలెడు పక్కకి ఉంటే కేకలేసినవాణ్ణి. నీ పక్కన నిలబడాలంటే కిల్టు కట్టాలి. నేను పాంటుతో వస్తే ఎందుకని అడుగుతారు. కట్టుకోలేను. ఇంకొకరితో కట్టించుకోను. ఉంగరం నీ చేతికి అందించాలి కూడా, చర్చి మొత్తం చూస్తుండగా.

ఉత్తరాల్లో నీకు కిల్టు కట్టడం మాత్రం హాయిగా ఉంది. ఇన్నాళ్ళకి మళ్ళీ ఆ పని చేశాను. అది రాయకపోతే తప్పవుతుంది.

లాక్లన్

బకీ,
మే 9

బావా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఏడుపొచ్చింది. రెండోసారి, రెండేళ్ళు నాకు చెప్పనందుకు నిన్ను సముద్రంలో ముంచాలనిపించింది. మూడోసారి చదువుతూ చదువుతూ పీట మీంచి లేచి గదంతా తిరిగాను. నవ్వొచ్చింది. ఎందుకో విను.

కిల్టు ఎలా కట్టాలో దేశంలో నీ అంత తెలిసినవాడు లేడు, నీ చేతులు మాట వినవు. నా చేతులు ఏం చెబితే అది వింటాయి, నా బుర్రకి కుచ్చిళ్ళు ముందో వెనకో తెలియదు. మనిద్దరినీ ఒక గదిలో పెడితే ఏమవుతుంది? ఇద్దరు పెళ్ళికి సిద్ధమవుతారు.

పెళ్ళికి ముందు రోజే రా. నువ్వు కుర్చీలో కూర్చో. గది తలుపు వేస్తాను, రోనాని కూడా రానివ్వను. నువ్వు తిడుతూ ఉండు, నేను ముందు నా ఒంటి మీద కడతాను, తర్వాత నీ ఒంటి మీద కడతాను. బకిల్, పిన్నీసు, తాళ్ళు, ఏ ముడైనా సరే. మంచులో, చీకట్లో, పడవ ఊగుతుండగా తాడు ముడేసిన వేళ్ళు బావా ఇవి. నీ బూటు తాడు వీటికి ఒక లెక్క కాదు. ఇంకొకరితో కట్టించుకోనన్నావు. నేను ఇంకొకణ్ణి కాదు.

ఉంగరం సంగతి నాకు వదిలెయ్.

నువ్వు రానంటే నేను కుచ్చిళ్ళు ముందుకి పెట్టుకుని, రెండు పొరలూ కలిపి పిన్నీసు కుచ్చి, కత్తి ఎడమ మేజోడులో పెట్టి, తాళ్ళు పిక్కల దాకా చుట్టి, వెయిస్ట్‌కోటు మీద బెల్టు బిగించి పెళ్ళి చేసుకుంటాను. ఫోటో తీయించి మీ పోర్ట్రీ ఆటల కమిటీకి పంపుతాను. కింద, "లాక్లన్ మెకిన్నిస్ గారి శిష్యుడు" అని రాయిస్తాను.

గిబ్

స్టాఫిన్,
మే 16

దుర్మార్గుడా,

జూన్ పదహారు సాయంత్రం బండికి ఇన్వర్నెస్‌లో దిగుతాను. స్టేషనుకి వ్యాన్ తీసుకురా, చేపలు లేకుండా. ఒకరోజు ముందు చాలదు, నీకు రెండు రోజులు కావాలి. కిల్టు పెట్టెలోంచి తీసి ఎండలో వేశాను.

లాక్లన్

ఓబన్,
జూన్ 22

బావా,

రోనా పక్కనే కూర్చుని "ముందు ఆయనకి రాయండి" అంటోంది. పెళ్ళయిన నాలుగో రోజు కొత్త పెళ్ళాం పక్కనుండగా బావకి ఉత్తరం రాసే పిచ్చివాణ్ణి నేనొక్కణ్ణే అయివుంటాను.

ఇంకా నా కాళ్ళు నేల మీద లేవు. రెండు రోజులు తలుపేసుకుని నువ్వు తిట్టిన తిట్లు నాకు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. "మూడు వేళ్ళన్నాను, నీ వేళ్ళు కాదు, మనుషుల వేళ్ళు" అన్నావే, అది రోనాకి చెబితే బస్సులో అందరూ తిరిగి చూసేలా నవ్వింది. రోనా తమ్ముడు తలుపు దగ్గర చెవి పెట్టి విని, లోపల ఎవరో గొడవ పడుతున్నారని నల్లకోటాయన్ని పిలవబోయాడట.

నీ బూటు తాడు కడుతూ నేను నేల మీద ఉన్నప్పుడు నువ్వు ఉన్నట్టుండి తిట్టడం మానేశావు. నేను తలెత్తలేదు. ఎత్తితే ఇద్దరం చర్చికి ఎర్ర కళ్ళతో వెళ్ళేవాళ్ళం.

ఉంగరం అప్పుడు నీ చేయి వణికింది. చూశాను. నువ్వు జేబులోంచి తీసి నా వైపు చాపేసరికి అది ఆకులా ఊగుతోంది. నేను ఉంగరం తీసుకోలేదు, నీ చేయి మొత్తం నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. కాసేపు అలాగే ఉన్నాం. రోనా కూడా చేయి వేసింది. అంతా అదేదో మీ దీవి ఆచారం అనుకున్నారు. రానల్డ్ నన్ను అడిగాడు, ఆ పద్ధతి ఎప్పటినుంచి వస్తోందని. చాలా పాతదని చెప్పాను.

నువ్వు వచ్చావు. ఇంకేం రాయాలో తెలియడం లేదు.

గిబ్, రోనా

స్టాఫిన్,
ఆగస్టు 4

గిబ్, రోనా గారికి,

ఫోటో అందింది. గిబ్, నీ తోలు సంచి అయిదు వేళ్ళ కిందకి ఉంది. నేను చూస్తుండగానే సరిగ్గా పెట్టాం, చర్చికి నడిచే దారిలో నువ్వు దాన్ని లాగావు. కాదనకు. మిగతాదంతా నాకు ఇష్టమయింది, నా పక్కనున్న పొట్టివాడితో సహా.

నిన్న పోర్ట్రీ ఆటలు. వెళ్ళాను. పదకొండు మందికి మార్కులు వేశాను, ఇద్దరు కత్తి తప్పు కాలికి పెట్టారు, ఒకడు పిన్నీసు రెండు పొరలకీ కుచ్చాడు. వాడికి నీ కథ చెప్పాను, పేరుతో సహా. మార్కుల కాగితం మీద నా అంకెలు పాకాయి. కమిటీవాళ్ళు పక్కన కూర్చుని శుభ్రంగా రాసుకున్నారు. ఏడాది పాటు దేనికి భయపడ్డానో అది అంతసేపట్లో అయిపోయింది.

అయితే వెళ్ళగలిగింది ఎలాగో మీకు చెప్పాలి. పొద్దున్న లేచి కిల్టు తీశాను. గిబ్ చేతులు ఇక్కడ లేవు. ఒక్కణ్ణే ప్రయత్నించాను, బకిల్ కుదరలేదు. మంచం మీద కూర్చుని జలుబని మళ్ళీ కబురు పంపుదామనుకున్నాను. చర్చిలో మీ ఇద్దరి చేతుల మధ్య నా చేయి ఉన్నది గుర్తొచ్చింది. అంతమంది ముందు వణికింది, ఎవరికీ ఏమీ కాలేదు, ముఖ్యంగా నాకు. కిల్టు రెండు చేతులతో నడుముకి బిగించి పట్టుకుని, తాళ్ళు ఈడ్చుకుంటూ, రోడ్డు దాటి బేహగ్ ఇంటికి వెళ్ళాను. ఏడాదిగా ఆమెకి నేను నమస్కారం కూడా చెప్పలేదు. కోళ్ళకి మేత వేస్తోంది.

"బేహగ్, ఇది కాస్త పెట్టాలి. నా చేతులు ఆగవు."

ఆమె చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని వచ్చి, బకిళ్ళు బిగించింది. పిన్నీసు పై పొరకే పెట్టింది, చెప్పకుండానే. వంగి తాళ్ళు చీలమండకి చుట్టి ముడేసింది. లేచి, నన్ను చుట్టూ తిరిగి చూసి, కుచ్చిళ్ళు ఒకసారి దులిపింది.

"ఇందుకేనా లాక్లన్, ఏడాది నుంచి దారి మార్చి నడుస్తున్నావు? నేను గుడ్లు కుళ్ళినవి ఇచ్చాననుకున్నాను."

తర్వాత కోళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. నేను బస్సెక్కాను.

మీ అన్న,
లాక్లన్